ఎల్లుండి తయారైన మిఠాయి

మా ఇంటికి ఏ పొట్లం వచ్చినా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తాను. పెళ్లి పందిట్లో పక్కవాళ్లు మైసూరుపాకు తింటుంటే నేను అది పెట్టి ఇచ్చిన కవరు చదువుతుంటాను. "ఆయప్పకు అన్నం పెట్టాలంటే ముందు బియ్యం మూట మీద రాసింది చదివి వినిపించాల" అని మా ఆవిడ చుట్టాల దగ్గర నా పరువు తీస్తుంటుంది. ముప్ఫై ఏళ్లు ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి ఇంట్లో ఇంతకన్నా మంచి పేరు రాదు.

ఈ మధ్య ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో పట్టుకున్న పెద్ద కేసు ఏది?" అని అడిగింది. ఆమె కళ్లలో కల్తీ నూనె డ్రమ్ములు, పారిపోతున్న లారీలు కనిపిస్తున్నాయి. "శెనక్కాయ మిఠాయి అమ్మా. నేను మంగళవారం పట్టుకున్నాను. అది బుధవారం తయారైంది" అన్నాను. ముసలాయనకు మతి తప్పిందనుకుని జాలిగా నవ్వి వెళ్లిపోయింది. మతి ఇంకా తప్పలేదు కాబట్టి ఆ సంగతి మొదటినుంచీ రాస్తున్నాను.

చదవడమే ఉద్యోగం

కల్తీ పట్టుకోవడం ఈ ఉద్యోగంలో పావలా వంతు. మిగతా ముప్పావలా చదవడమే. కవరు మీద సరుకు పేరు ఉందా, చేసినవాడి చిరునామా ఉందా, ఏమేం కలిపారు, బరువెంత, ఎప్పుడు చేశారు, ఎన్నాళ్లలోపు తినాలి. వీటిలో ఒకటి తప్పినా లోపలి సరుకు అమృతమే అయినా కేసు కేసే. కళ్లజోడు నంబరు పెరగడం తప్ప ఈ చదువుకు పట్టా లేదు.

"సరుకు బాగుండాది గదా సార్, ఈ రాతలన్నీ యాలా?" అని హిందూపురం నుంచి ధర్మవరం దాకా నన్ను అడగని అంగడివాడు లేడు. నేను అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. చేసినవాడు కొన్నవాడి కంటికి కనపడడు, కవరే కనపడుతుంది, నువ్వు చెప్పాల్సిన నిజం అది చెప్పాలి.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్న మాట కాదు. గుడిబండలో ఒక కుటుంబం ముక్కిపోయిన మిఠాయి తిని ఇంటిల్లిపాదీ ఆస్పత్రిలో పడ్డారు. దాని మీద తేదీ లేదు. అంగడాయన "నిన్ననే దిగింది సార్ సరుకు" అని దేవుడి పటం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మిఠాయి డబ్బాకూ గోడకూ మధ్య సాలీడు అల్లిన గూడు మాత్రం వేరే సాక్ష్యం చెప్పింది. ఆ పిల్లల మొహాలు చూశాక తేదీ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వకూడదనుకున్నాను. అనుకోవడం తేలికే.

విధేయుడైన మిఠాయి

హిందూపురం మార్కెట్టు వెనక సందులో జయరామప్ప అని ఒకాయన ఉండేవాడు. ఇంటి ముందు భాగంలో పొయ్యిలు, వెనక కాపురం. బెల్లం పాకం పట్టి, వేయించిన శెనక్కాయలు కలిపి, పళ్లెంలో పోసి బిళ్లలు కోసేవాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు చాపల మీద కూర్చుని పొట్లాలు కట్టేవారు. కన్నడం కలిసిన ఆ ప్రాంతంలో దాన్ని కడ్లె మిఠాయి అంటారు. నిజం చెప్పాలంటే అంత మంచి మిఠాయి నేను మళ్లీ తినలేదు. చెప్పకూడదు గానీ, కొన్ని తనిఖీలకు అవసరం లేకపోయినా వెళ్లాను.

తొంభైల్లో మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కవరు మీద ఒకవైపు తెలుగు, ఇంకోవైపు కన్నడం ఉంది. సరుకు కన్నడం మాట్లాడే అగళి, రొళ్ల వైపు బాగా పోతుంది మరి. లక్ష్మీదేవి బొమ్మ ఉంది. దేవి పక్కనే, దేవికన్నా కొంచెం పెద్దగా, జయరామప్ప తల్లి నాగమ్మవ్వ ఫోటో ఉంది. పక్కింటి ఎస్టీడీ బూతు నంబరు ఉంది. బరువు, తేదీ మాత్రం లేవు.

"వివరాలు ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ ఉండాలి జయరామప్పా. ఆ పైన తెలుగు, కన్నడం నీ ఇష్టం" అన్నాను.

"రొళ్లలో అమ్మేదానికి హిందీ ఎవురికి సార్? ఇంగ్లీషు సదివేటోళ్లు చాక్లెట్లు తింటారు. మా కడ్లె మిఠాయి యాడ తింటారు?"

తినేవాడికి తెలిసిన భాషలో రాస్తే చెల్లదు, తెలియని భాషలో రాస్తే చెల్లుతుంది అని ముప్ఫై ఏళ్లు నేనే ఊరూరా తిరిగి చెప్పాను. చట్టం రాసిన పెద్దమనిషి ఎప్పుడైనా రొళ్ల సంతకు వచ్చి ఉంటే బాగుండేది.

తర్వాతిసారి వెళ్లేసరికి కవరు మీద చక్కటి ఇంగ్లీషు ఉంది. రాసిపెట్టింది వీధిలోని కాన్వెంటు టీచరట. ఆమెకు అలవాటైన పద్ధతిలో రాసింది. తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంది: "గౌరవనీయులైన అయ్యా, నమస్కరించి వ్రాయునది. ఈ మిఠాయిలో శెనక్కాయలు, బెల్లము, యాలకులు కలవు. కావున తమరు దయయుంచి పొట్లం మీద వేసిన తేదీ నుంచి రెండు నెలలలోపు దీనిని తినవలెనని ప్రార్థన. ఇట్లు తమ విధేయుడు, జయరామప్ప, హిందూపురం." కింద తాజా కలం అని పెట్టి బరువు కూడా వేశారు.

నేను రెండుసార్లు చదివాను. చట్టం అడిగిన వివరాలన్నీ ఉన్నాయి. సెలవు చీటీ రూపంలో ఉండకూడదని ఏ రూలులోనూ లేదు. పాస్ చేశాను. ఆ విధేయత చాలా ఏళ్లు మూడు నాలుగు మండలాల్లో అమ్ముడుపోయింది.

పచ్చబొట్టు

రెండు వేల ఒకటిలో చుక్కల రూలు వచ్చింది. శాకాహారమైతే చతురస్రం లోపల పచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు చుక్క. గుడ్డు కలిసినా గోధుమరంగే. పెనుకొండలో బేకరీ నడిపే దానియేలు బుద్ధిగా కేకు పొట్లాల మీద గోధుమరంగు చుక్క వేయించాడు. "సార్, జనమంతా సుక్కను సూసి చాక్లెట్ కేకు అనుకుంటాండారు. కోసినాక తిట్టి పోతాండారు" అని నా దగ్గర మొర పెట్టుకున్నాడు.

జయరామప్ప పాత కవర్లు బస్తాలకు బస్తాలు మిగిలి ఉన్నాయి. మళ్లీ అచ్చు వేయించాలంటే ప్రాణం పోయినట్టుంది ఆయనకు. ఉపాయం నాగమ్మవ్వ కనిపెట్టింది. గాజుల అంగట్లో పచ్చ బొట్టుబిళ్లలు అట్టలకు అట్టలు కొనుక్కొచ్చింది. పొట్లాలు కట్టే ఆడవాళ్లు ఒక్కో పొట్లానికీ నుదుట అంటించినట్టు అంటించారు. నేను వెళ్లేసరికి మిఠాయంతా ముత్తైదువలా కూర్చుని ఉంది.

"చుట్టూ చతురస్రం ఉండాల అవ్వా" అన్నాను.

"గడి గీయాల్నా? అంతే గదా!" అని ఆమె పచ్చ స్కెచ్ పెన్నులు తెప్పించింది. స్కేలు పెట్టి కొలిచాను. చుక్క కొలత సరిపోయింది, గడి సరిపోయింది, రంగు సరిపోయింది. బొట్టుబిళ్ల పెట్టుకోవచ్చా అని మా పెద్దసారు అడిగితే, చుక్క ఉండాలన్నారు గానీ ఏ అంగట్లో కొనాలో రాయలేదు సార్ అన్నాను.

ఈ పెద్దసారు గురించి ఒక మాట. మా పై అధికారి. పేరు అనవసరం, మంచివాడు. కేసు కోర్టుకు పోవాలంటే ఆయన సంతకం కావాలి. ఆయన జీపు ఎక్కే ముందు నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు ఉండాలి. రాహుకాలంలో తనిఖీకి బయల్దేరడు. అందుకే మా జిల్లాలో తెలివైన కల్తీగాళ్లు పంచాంగం చూసి కల్తీ చేసేవాళ్లు. ఆయన రాని సమయం గోడ మీది క్యాలెండరులోనే ఉండేది.

ఎల్లుండి

ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడాయన, చీర కొన్న ప్రతి ఆడమనిషికీ తాంబూలంతో పాటు జయరామప్ప మిఠాయి పొట్లం ఒకటి పెట్టేవాడు. ఒక మంగళవారం బెంగళూరు నుంచి వచ్చిన ఒకావిడ చీర కొని, కారులో కూర్చుని పొట్లం చదివింది. ఇన్నేళ్లకు ఆ ఇంగ్లీషును ఎవరో నిజంగా చదివారన్నమాట. చదివి ఊరుకోకుండా మా పెద్దసారుకు ఫోను చేసింది. ఆ పొట్లం మీద బుధవారం తేదీ ఉంది.

నేను పెనుకొండలో ఉంటే పెద్దసారు ఫోను. "ఈ నెల మనకు ఒక్క కేసు లేదయ్యా. వెంటనే హిందూపురం పో. ఇంత శుద్ధమైన కేసు మళ్లీ దొరకదు."

నిజంగానే శుద్ధమైన కేసు. తప్పుడు తేదీ అంటే తప్పుడు లేబులు. ఆనాటి చట్టంలో నేరం రుజువైతే ఆరు నెలల జైలు తప్పదు. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు గుడిబండ పిల్లలు గుర్తొచ్చి జయరామప్ప మీద కోపం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ నా కళ్లముందే ఇంత మోసమా అనుకున్నాను.

ఆయన పాకం పోస్తున్నాడు. నన్ను చూసి ఎప్పటిలాగే ఒక బిళ్ల చేతిలో పెట్టబోయాడు. నేను తీసుకోలేదు.

"ఈ రోజు ఏ వారం జయరామప్పా?"

"మంగళారం సార్."

"మరి ఈ పొట్లాలు రేపు తయారవుతాయా?"

ఆయన ఒక పొట్లం తీసి తేదీ చూశాడు. లోపలికి తిరిగి "అమ్మా!" అని కేకేశాడు.

నాగమ్మవ్వ వచ్చింది. అంకెలు తిప్పే తేదీ స్టాంపు ఆమె నడుముకు కట్టుకున్న వక్కాకు తిత్తిలో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయుధపూజనాడు దానికి కూడా పసుపు కుంకుమ పెడతారట.

"నేనే ఏసినా. ఏమప్పా ఇప్పుడు?" అంది. "నిన్న సోమారం అమాస. ఈ పొద్దు పాడ్యమి, పైగా మంగళారం. రేపు బుధారం, విదియ, లచ్చనమైన దినం. నిన్నటి సరుక్కూ ఈ పొద్దుటి సరుక్కూ అదే ఏసినా. అమాస పుట్టుక అని మొగం మీద రాసి పంపితే యా సరుకు బాగుపడుతుంది?"

"పని మాత్రం అమావాస్యనాడు చెయ్యొచ్చా?"

"పని ఆపితే కూలోళ్లు ఏం తింటారు? పనికి దోసం లేదు. రాతకే దోసం."

ధర్మవరంలో నేతగాళ్లు అమావాస్యనాడు మగ్గమే ఎక్కరు. ఈమె మగ్గం ఎక్కేసి, ఎక్కిన తేదీ మాత్రం మార్చే రకం. నేను చట్టం చెప్పాను. జైలు అన్న మాట వినగానే చాపల మీద చేతులన్నీ ఆగిపోయాయి. జయరామప్ప గరిటె కింద పెట్టి నా ముందు నిలబడ్డాడు.

"ఆరు నెలలు నేను లేకపాతే ఈ పొయ్యి మళ్లా వెలగదు సార్. పాకం పట్టేది నాకొక్కనికే తెలుసు. ఈ ఆడోళ్లంతా యాడికి పోతారు?"

"వాణ్ణెందుకు పట్టుకపోతావు? తేదీ ఏసింది నేను" అంది అవ్వ. "నన్ను పిల్చుకపో. గుడ్డలు సర్దుకుంటా. కానీ రేపు పోదాం. మంగళారం పూట జైలుకు పోతే తిరిగి ఇంటికి రారు."

ఏడవబోతున్న జయరామప్ప కూడా నవ్వాడు. నేను నవ్వు ఆపుకుని, సాక్షుల్ని పిలిచి, శాంపిలు తీసి సీలు వేశాను. అప్పుడు అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది.

"నువ్వు పుట్టిన దినం యాది నాయనా?"

"జులై ఒకటి."

"మా జయరామునిదీ జులై ఒకటే. ఈ ఎస్టీడీ బూతు నాగరాజుదీ అదే. మా ఊరి అయివారు బళ్లో ఏసుకున్న ప్రతివోనికీ అదే తేదీ రాసినాడు. నీది మీయమ్మ చెప్పిన తేదీనా, మీ అయివారు ఏసిన తేదీనా?"

నేను పెన్ను మూత పెట్టుకున్నాను. మా అమ్మ లెక్కలో నేను దీపావళి వెళ్లిన వారానికి పుట్టాను. జులైలో దీపావళి రాదు. బడిలో వేసినరోజు అయ్యవారికి తోచిన తేదీ అది. సర్టిఫికెట్ల మీద, సర్వీసు పుస్తకం మీద, నా పెళ్లి శుభలేఖ తప్ప అన్నిటి మీదా అదే ఉంది.

"అవ్వా, నా తేదీ తప్పయితే ఎవరికీ కడుపునొప్పి రాదు" అన్నాను, కొంచెం గట్టిగానే. గుడిబండ సంగతి చెప్పాను. "నువ్వు తేదీని రెండు రోజులు ముందుకు జరిపితే, ఇంకో రెండు రోజులు అమ్ముకోమని అంగడివాడికి చెప్పినట్టే. ఆ రెండు రోజుల్లో కొనేది ఎవరి బిడ్డో."

ఆమె తిత్తిలోంచి స్టాంపు తీసి అంకెల వైపు చూసింది. "అది నాకు తోచలేదప్పా" అంది చివరికి. ఆ మాటతో నా కోపం సగం పోయింది. మిగతా సగం ఫైలు మీదికి ఎక్కింది, ఎందుకంటే అది నా ఉద్యోగం.

పెద్దసారు సంతకం

ల్యాబు రిపోర్టు వచ్చింది. సరుకు మేలైనది, బరువు సరైనది, తేదీ తప్పు. ఫైలు తయారుచేసి పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆ సంతకం పడితే జయరామప్ప పొయ్యి ఆరినట్టే. బతిమాలదామా అనుకున్నాను గానీ ఏమని బతిమాలను? తప్పు తప్పే. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆయన చదివి మెచ్చుకున్నాడు. పెన్ను తీశాడు. అలవాటు ప్రకారం గోడ మీది క్యాలెండరు చూశాడు.

"ఈ రోజు అష్టమి కదయ్యా."

"అవును సార్."

"రేపు నవమి. ఎల్లుండి దశమి బాగుంది గానీ, ఎల్లుండి నేను క్యాంపులో ఉంటాను." ఒక్క క్షణం ఆలోచించాడు. "ఒక పని చేద్దాం. సంతకం ఇప్పుడే పెట్టేస్తా. తేదీ దశమిది వేస్తా."

సంతకం పెట్టాడు. కింద ఎల్లుండి తేదీ వేశాడు. నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నవ్వు. పై అధికారి ముందు నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను, ఆగలేదు.

"ఎందుకయ్యా నవ్వుతున్నావు?"

"సార్, ఈ సంతకం ఎల్లుండి తయారైంది."

ఆయన సంతకం వైపు చూశాడు, ఫైలు వైపు చూశాడు, మళ్లీ సంతకం వైపు చూశాడు. నాకు బదిలీ ఏ ఊరికో అని ఆలోచించుకునేంత సమయం దొరికింది. తర్వాత ఆయన ఆ కాగితాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సరుకు బాగుందన్నావు కదూ?"

"చాలా బాగుంటుంది సార్."

"గట్టిగా హెచ్చరించి రా. మళ్లీ చేస్తే మాత్రం వదలొద్దు." నేను తలుపు దాకా వెళ్లాక, "వచ్చేటప్పుడు ఒక పొట్లం కొనుక్కురా. సరైన తేదీ ఉన్నది" అన్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు దీన్నుంచి చట్టాన్ని వదిలెయ్యమని అర్థం చేసుకోకండి. తేదీ అబద్ధం కాకూడదు, అంతే. కానీ మోసగాడికీ, మనలాగే క్యాలెండరుకు భయపడేవాడికీ తేడా తెలుసుకోవడం కూడా ఈ ఉద్యోగమే. ఆ తేడా ల్యాబు చెప్పదు.

పసుపు పొట్లాలు

హెచ్చరిక నేనే మోసుకెళ్లాను. జయరామప్ప నా చేతులు పట్టుకుని వదల్లేదు. అవ్వ మాత్రం సందేహంలోనే ఉంది. "నిజం తేదీనే ఏస్తాలేప్పా. కానీ దోసానికి ఏమన్నా సెయ్యల్ల గదా. అమాస పొట్లానికి ఓరన కుంకుమ పెట్టనా?"

"వద్దవ్వా! ఎర్రచుక్క చూసి గోధుమరంగనుకుని మాంసం కలిపినారంటారు. కావాలంటే పసుపు పెట్టుకో. పసుపు గురించి చట్టంలో ఏమీ లేదు."

అప్పటినుంచి చెడ్డరోజు కట్టిన ప్రతి పొట్లం మీదా నిజమైన తేదీ, దాని పక్కన చిటికెడు పసుపు. తమాషా ఏమంటే ధర్మవరంలో జనం పసుపు పొట్లాలే అడిగి తీసుకోవడం మొదలుపెట్టారు. పూజలో పెట్టి తెచ్చినవి అనుకున్నారు. అమావాస్య సరుకు అన్నిటికన్నా ముందు అయిపోయేది.

కొన్నేళ్లకు, జులై ఒకటిన పుట్టినవాణ్ణి కాబట్టి, జూన్ నెలాఖరున నన్ను ఇంటికి పంపారు. మా అమ్మ లెక్కలో నాకు ఇంకా నాలుగు నెలల గడువుంది. పూలదండలు, శాలువా, నా గురించి నేనెరగని గొప్పలు అన్నీ అయ్యాక సాయంత్రం జయరామప్ప ఇంటికి వచ్చాడు. అవ్వ మంచం దిగలేకపోతోందట. ఆమె తన చేత్తో కట్టిన పొట్లం పంపింది.

నేను తిప్పి చూశాను. గౌరవనీయులైన అయ్యా, నమస్కరించి వ్రాయునది. పచ్చబొట్టు, గడి. ఆ రోజు తేదీయే. పక్కన పసుపు.

మా ఆవిడ క్యాలెండరు చూసి, "ఈ రోజు అమావాస్యా కాదు, మంగళవారమూ కాదే. మంచి రోజే" అంది.

"నేనూ అదే అంటిని సార్" అన్నాడు జయరామప్ప. "ఆ సారు ఇంటికి పోయే దినం మంచిదెట్లయితాదిరా, పసుపు పెట్టు, అనింది మాయమ్మ."

సభలో ఇంతసేపు పొగిడినా రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. అవి కనపడకుండా ఏదో ఒకటి చేయాలని వంటింట్లోంచి తక్కెడ తెప్పించి పొట్లాన్ని తూచాను. రాసినదానికన్నా ఒక బిళ్ల బరువు ఎక్కువుంది. తక్కువైతే కేసు రాయొచ్చు. ఎక్కువైతే ఏం చేయాలో ఏ రూలులోనూ లేదు.